పాతబండికి క్రొత్తయింజను

యంత్రముల సంగతి పురుషులకు వదలి, ప్రయాణము మాత్రము మనము చేయుట యాచారముగా నున్నది. కాని బండి నడిదారిలో నిలిచిపోయినపుడు ఎండలో కూర్చుండువారము మనమును, పిల్లలును, వృద్ధులునే గదా! అందుచే మా యింటి బండికి వచ్చిన రోగమును, దానికి జరిగిన చికిత్సను సోదరీమణులకు విన్నవించుచున్నాను.

మాది మామగారు కొన్న అంబాసిడరు. ఇంగ్లండునందలి మారిస్ ఆక్స్‌ఫర్డు బండిని అనుసరించి హిందుస్థాన్ మోటార్సువారు వంగదేశమున ఉత్తరపారాలో ఈ బండ్లను చేయుచుండి 2014లో మానివేసిరి. మోకాళ్ళనొప్పులుగల మా అత్తగారు ఒకరి చేయూత లేక యెక్కి దిగగల బండి మాకు ఇదియొక్కటియే. దాని పాతయింజను అరిగిపోగా, రవాణాశాఖవారి యనుమతి పొంది ఇటీవలి కాలపు పెట్రోలింజనును అమర్పించి, రిజిస్ట్రేషను పత్రమున వ్రాయించితిమి. అనుమతి లేక యింజను మార్చుట 1988 నాటి మోటారు వాహనముల చట్టమునకు విరుద్ధము.

పాతయింజనుకు కార్బురేటరు చాలును. స్వల్పమైన యొత్తిడితో పెట్రోలు వచ్చినను నడచును. క్రొత్తదానికి విద్యుత్తుతో తిరుగు పంపు సుమారు 3 బారుల యొత్తిడితో పెట్రోలు నందింపవలెను. శుద్ధమైన పెట్రోలు ఒకపాలు కాలుటకు తూకమున 14.7 పాళ్ళ గాలి కావలెను; ఇథనాలు కలిసినదానికి కొంచెము తక్కువ చాలును. పొగగొట్టములోని ఆక్సిజను సెన్సరు మిగిలిన ప్రాణవాయువును కనిపెట్టి చెప్పగా, కంప్యూటరు పెట్రోలును హెచ్చించుటయో తగ్గించుటయో చేయుచుండును.

మా బండి ఉదయమున చక్కగా బయలుదేరును. పావుగంట గడచి మిట్ట యెక్కునపుడు వణకి, ఊపిరి యాడనట్లు ఆగిపోవును. ఒకనాడు అత్తగారును మా చిన్నదియు లోపలనుండగా రైలుగేటు నడుమ పట్టాలపైననే ఆగినది. నలుగురు పరుగున వచ్చి యీవలికి త్రోసిరి. ఆనాటినుండి అత్తగారు గుడికి పోవుటయు మానిరి. “వదినా, దీనిని పాతయినుమువానికి అమ్మివేయుదము” అని మా మఱిది పట్టుపట్టెను.

మెకానిక్కు స్కానరు తగిలించి చూడగా, పెట్రోలు తక్కువయై గాలి యెక్కువగానున్నదని తెలిసెను. అతడు సెన్సరు చెడినదని క్రొత్తది వేసెను. డబ్బు పోయినది గాని రోగము పోలేదు.

బాల్యమున మా తండ్రిగారు నాచేత మాధవనిదానము చదివించిరి. రోగము నెఱుగుటకు హేతువు, పూర్వరూపము, రూపము, ఉపశయము, సంప్రాప్తి అని యైదు మార్గములు అందు చెప్పబడినవి. సెన్సరు చెప్పినది రూపము మాత్రమే. అది సాక్షి, సాక్షిని మార్చినచో నేరము మాసిపోవునా? బండి యెప్పుడు, ఎంతదూరము పోయిన పిమ్మట, ఎట్టిచోట ఆగుచున్నదో పదిదినములు వ్రాసియుంచి మఱియొక వృద్ధ మెకానిక్కునకు చూపించితిని.

ఆయన చదివి, “అమ్మగారూ, ఎక్కడనో గాలి దూరుచున్నచో నిలిచి తిరుగునపుడే లోపము ఎక్కువగా కనబడును. పెట్రోలు చాలనిచో బరువులాగునపుడు కనబడును” అనెను. స్కానరు చూడగా నిలిచియున్నపుడు కంప్యూటరు నూటికి 4 వంతులు మాత్రమే పెట్రోలు హెచ్చించుచుండెను. మిట్టయెక్కునపుడు 22 వంతులు. లోపము పెట్రోలునదే యని తేలెను. ఒత్తిడి కొలువగా మొదట 3 బారులుండి, పావుగంటకు 2 బారులకు దిగెను.

పంపు క్రొత్తది. మఱి హేతువేమి? బ్యాటరీయొద్ద 13.8 వోల్టులుండగా పంపుయొద్ద 10.4 మాత్రమే యుండెను. పాతబండి సన్నని తీగలతోనే క్రొత్తపంపును కలిపియుండిరి. అంత విద్యుత్తును మోయలేక తీగ వేడెక్కును, వేడెక్కినకొలది అడ్డగింపు పెరుగును, పంపు నీరసించును. రంగుపైననే బిగించిన ఎర్తుతీగయు అట్టిదే. ఇదియే సంప్రాప్తి.

తరువాత ఉపశయము. ఫ్యూజుగల లావుతీగను బ్యాటరీనుండి పంపునకు తాత్కాలికముగా తగిలింపగానే ఒత్తిడి మరల 3 బారులకు చేరెను. కాని దానిని అట్లే యుంచరాదు. ప్రమాదమున ఇంజను ఆగినను పంపు పెట్రోలు చిమ్ముచునే యుండును. కావున కంప్యూటరు ఆజ్ఞకు లోబడు రిలేద్వారా ఆ తీగను నడిపించి, ఎర్తుచోట రంగు గీకి మెఱయు ఇనుముపై బిగించెను. పిమ్మట కంప్యూటరు పూర్వము నేర్చిన లెక్కలను చెరిపి, మిట్టపల్లములలో నడిపించి చూడగా, సవరింపు నూటికి 5 వంతులు దాటలేదు. ఇదంతయు సెన్సరు వెలలో నాలవవంతుతో ముగిసెను.

ఇప్పుడు అత్తగారు శుక్రవారము వచ్చినచో నాకంటె ముందే బండిలో కూర్చుందురు. మఱిది అమ్మకము మాట యెత్తుట లేదు.

సోదరీమణులారా! ఏదేని భాగము మార్చవలెనని మెకానిక్కు చెప్పినపుడు, “ఏమి కొలిచి చూచితివి? అంకె యెంత వచ్చినది?” అని మర్యాదగా అడుగుడు. కొలిచినవాడు సంతోషముగా చెప్పును. కొలువనివాడు కొలుచుటకైనను పూనుకొనును.