కొట్టు కట్టేసే వేళ

మందుల కొట్టువాడికి జబ్బు చేయకూడదు. చేసినా పైకి చెప్పకూడదు. చెబితే, "అన్ని మందులూ చేతికందేలా పెట్టుకుని నీకేమొచ్చిందయ్యా?" అంటారు జనం. ఫార్మసీ పట్టా పుచ్చుకుని కొట్టు తెరిచిన మాబోటివాళ్ళందరికీ ఈ మాట కంఠతా వచ్చు. ఏ మందు దేహంలో ఎంతసేపుంటుందో, ఏ దారిన పోతుందో కాలేజీలో మాకు చక్కగా నేర్పారు. పొద్దున్న ఎనిమిది నుంచి రాత్రి పదిన్నర దాకా కౌంటరు వెనక నిలబడే మనిషి ఎంతకాలం ఉంటాడన్నది మాత్రం పాఠ్యప్రణాళికలో లేదు.

ఈ వృత్తికి ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. బట్టల కొట్టు యజమాని బావమరిదిని గల్లాపెట్టె దగ్గర కూర్చోబెట్టి భోజనానికి వెళ్ళొచ్చు. మాకు ఆ వెసులుబాటు లేదు. 1948 నాటి ఫార్మసీ చట్టం ప్రకారం డాక్టరు చీటీ చూసి మందు ఇవ్వవలసినవాడు రిజిస్టర్డ్ ఫార్మసిస్టే. 1945 నాటి ఔషధ నియమాలు కూడా అతని స్వయం పర్యవేక్షణ ఉండి తీరాలంటాయి. న్యాయమైన నిబంధనే, నేను తప్పుపట్టను. కాని యజమానీ ఫార్మసిస్టూ ఒక్కడే అయిన చిన్న కొట్టులో, ఆ ఒక్కడూ దొడ్డివైపు వెళ్ళినా వ్యాపారం ఆగిపోతుంది. దీనికి మావాళ్ళలో చాలామంది ఒక దివ్యమైన ఉపాయం కనిపెట్టారు: మంచినీళ్ళు తాగడం మానేయడం! విశాఖపట్నం ఉక్కపోతలో చొక్కా తడిసి ముద్దయ్యేలా రోజంతా నిలబడి, రెండు గ్లాసుల నీళ్ళతో సరిపెట్టుకుంటే మూత్రపిండాల్లో రాళ్ళు కాక ముత్యాలు పుడతాయా?

ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ఒక అధ్యయనం వెలువరించాయి. వారానికి 35–40 గంటలు పనిచేసేవారితో పోలిస్తే, 55 గంటలు, ఆపైన పనిచేసేవారికి పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో పోయే ముప్పు 17 శాతం ఎక్కువట. ఇది చదివి వినిపిస్తే సాటి వ్యాపారి ఒకాయన, "55 గంటలా? నాకు గురువారం సాయంత్రానికే అయిపోతాయి" అని నవ్వాడు. నేనూ నవ్వాను గాని, లెక్క కట్టి చూస్తే ఆయన అన్నది అక్షరాలా నిజం.

మా నాన్నగారి రోజుల్లో మా వీధి కొట్లన్నీ మధ్యాహ్నం కట్టేసి, ఎండ వాలాక తీసేవారు. అది బద్ధకమని కొందరి అభిప్రాయం. నాకు మాత్రం అందులో ఏదో పాత తెలివి కనబడుతుంది. కొట్టు పెట్టిన మూడో నెల నుంచే రెండింటి నుంచి నాలుగింటి దాకా నేను షట్టరు దించుతున్నాను. వేడి అన్నం కూర్చుని తినడం, కాళ్ళు దిండు మీద ఎత్తిపెట్టి ఇరవై నిమిషాలు నడుం వాల్చడం, దాహమైనంత నీళ్ళు తాగడం. ఇంతే నా వైభోగం! రోజు అమ్మకంలో పదో వంతు దీనికి పోతుంది. పోనీ అనుకున్నాను.

అసలు చిక్కు డబ్బు దగ్గర రాలేదు. ఒక మే నెల మధ్యాహ్నం ఎవరో షట్టరు దబదబా బాదారు. కొట్టు వెనకే మా ఇల్లు. తీసి చూస్తే ఒక ముసలాయన, చెప్పులు లేని కాళ్ళతో, చేతిలో మనవడి ఇన్‌హేలరు ఖాళీ డబ్బా. ఇచ్చి పంపించాను. ఆ తర్వాత కంచం ముందు కూర్చున్నానే గాని ముద్ద దిగలేదు. నేను ఊళ్ళో లేని రోజైతే ఈయన ఏ గుమ్మం తట్టేవాడు? నా నడుం నొప్పికీ ఆ పిల్లవాడి ఊపిరికీ తూకం ఎక్కడ?

షట్టరు మీద ఫోను నంబరు రాయించాను. 'అత్యవసరమైతే మాత్రమే' అని కింద ఎర్రరంగుతో. మరునాటి నుంచి దగ్గు బిళ్ళలకూ, పసిపిల్లల సబ్బులకూ ఫోన్లే ఫోన్లు! ఎవరి అవసరం వారికి అత్యవసరమే కదా.

చివరికి ఎదుటి వీధిలో నా పోటీదారు దగ్గరికే వెళ్ళాను. ఆయనా నా ఈడువాడే, ఆయన కాళ్ళ మీదా నీలిరంగు నరాలే. "గురూ, నువ్వు పన్నెండు నుంచి రెండు దాకా కట్టెయ్యి, నేను రెండు నుంచి నాలుగు దాకా కట్టేస్తాను" అన్నాను. ఆయన నన్ను కాసేపు అనుమానంగానే చూశాడు. టీ తెప్పించాడు. మళ్ళీ చూశాడు. మర్నాటికి ఒప్పుకున్నాడు. ఇప్పుడు నా షట్టరు మీద ఆయన కొట్టుకు దారి, ఆయన షట్టరు మీద నా కొట్టుకు దారి రాసి ఉంటాయి. నా ఖాతాదారులు కొందరు అటు వెళ్ళి అటే ఉండిపోయారు. అటునుంచి ఇటు వచ్చినవాళ్ళు కొంచెం తక్కువే, అబద్ధమెందుకు.

ఈ కాలేజీలో ఫార్మసీ చదువుతున్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ కొట్టు పెట్టేముందు అద్దె, ఫ్రిజ్జు, లైసెన్సు ఖర్చు లెక్కలు వేస్తారు. రెండో ఫార్మసిస్టుకు జీతం కూడా ఆ కాగితం మీదే వేసుకోండి. మొదటి ఏడాది గిట్టదు, నిజమే. నాకింకా గిట్టడం లేదు. అందుకే ఈ ఎదుటివీధి ఒడంబడిక.

ఆదివారం సాయంత్రాలు కూడా ఇలాగే పంచుకుందామని మొన్న ఆయనే అన్నాడు. ఆదివారం సాయంత్రం అమ్మకం ఎక్కువ. ఎవరు ముందు కట్టేయాలన్న దగ్గర బేరం ఇంకా తెగలేదు.