జబ్బు లేనివారి ఊపిరి

మా సూళ్లూరుపేటలో చుట్ట, బీడీ, సిగరెట్టు మూడూ చూస్తూ పెరిగాము. తాతలు పొలం గట్టున చుట్ట కాల్చేవారు. పులికాట్ సరస్సులో వల వేసేవారు పడవ ఎక్కబోతూ బీడీ ముట్టించేవారు. "మాకేమయింది? గట్టిగానే ఉన్నాముగా!" అంటుంటే మాకు జవాబు దొరికేది కాదు. క్యాన్సరు ఎప్పుడో ముసలితనంలో సంగతి అనుకునేవాళ్లము.

నిజానికి పొగ అంతవరకు ఆగదు. ఏ జబ్బూ లేని ఇరవై ఏళ్లవాడిలో కూడా ఆ పూటే పని మొదలుపెడుతుంది. పొగలోని కార్బన్ మోనాక్సైడు రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ప్రాణవాయువు కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ప్రాణవాయువు ఎక్కవలసిన బండిలో ముందే వేరొకరు కూర్చున్నట్టన్నమాట. నికోటిన్ గుండెను వేగంగా కొట్టిస్తుంది. గాలి గొట్టాలు బిగుసుకుంటాయి, కళ్లె పెరుగుతుంది. కూర్చుని మాట్లాడేటప్పుడు ఈ లోటు తెలియదు. ధాన్యం బస్తా ఎత్తినప్పుడు, మెట్లెక్కినప్పుడు, ఆరాధనలో కీర్తన ఎత్తుకున్నప్పుడు తెలుస్తుంది.

పోలీసు ఉద్యోగానికి 1600 మీటర్ల పరుగు ఉంటుంది. అందుకోసం మా పిన్ని కొడుకు తెల్లవారుజామున శ్రీహరికోట రోడ్డు మీద సాధన చేసేవాడు. రోజుకు అయిదారు సిగరెట్లు కాల్చేవాడు. ఒక కిలోమీటరు అందరితో సమానంగా వెళ్లి, ఆపైన రొమ్ము పట్టుకుని నిలబడిపోయేవాడు. తిండి చాలడం లేదని పిన్ని రోజూ రెండు గుడ్లు పెట్టింది. మేము ఎంత చెప్పినా విననివాడు, తోటివాళ్లు దాటిపోతుంటే విన్నాడు. సిగరెట్లు మానిన రెండు నెలలకు ఆ దూరం ఆగకుండా పరుగెత్తాడు.

బీడీ చిన్నదే కదా అనుకోకూడదు. ఊరుకుంటే ఆరిపోతుంది గనుక దానిని మాటిమాటికీ గట్టిగా పీల్చవలసి వస్తుంది.

మానినవారికి ఒకటి రెండు రోజుల్లోనే ఆ విషవాయువు రక్తంలోనుండి పోతుంది. కొన్ని వారాల్లో నడక తేలికవుతుంది. వయసుతో పాటు అందరి ఊపిరీ కొంత తగ్గుతుంది. పొగ తాగేవారిది త్వరగా తగ్గుతుంది. పోయినదంతా తిరిగి రాకపోవచ్చు గాని, మానితే ఆ తరుగుదల నెమ్మదిస్తుంది.

2008 అక్టోబరు 2 నుండి దేశమంతటా బహిరంగ స్థలాల్లో పొగ తాగడం నిషేధం. మన ఇంటి వసారాలోకి ఆ చట్టం రాదు. అక్కడ చెప్పవలసినది ఇంటివాళ్లమే. సాధింపుగా కాక ప్రేమగా చెబుదాము. ఒంటరిగా మానలేనివారి కోసం 1800-11-2356 అనే ఉచిత ఫోను నంబరు ఉంది. దానిని ఇంటి క్యాలెండరు మీద రాసి పెట్టుకుందాము.