“అయ్యగారికి మందులతోనే తగ్గింది గదా!”



పోయిన గురువారం ఉపవాస ప్రార్థన అయ్యాక మన సంఘంలోని ఒక చెల్లెలి భర్త నన్ను పక్కకు పిలిచాడు. ఆమెకు వెన్నుపూస టీబీ అని తేలింది. ఆపరేషన్ చేయాలన్నారట. “అయ్యగారూ, మీకు మందులతోనే తగ్గింది గదా. మేమూ మందులే వాడతాం. ప్రార్థన చేయండి, చాలు” అన్నాడు. ఆ మాటకు రెండు రాత్రులు నిద్రపట్టలేదు. వాళ్లను అడిగే ఇది రాస్తున్నాను.

నా సంగతి మీకు సగమే తెలుసు. నడుం నొప్పి మొదలైనప్పుడు నేనూ అందరిలాగే ఫ్లోరైడ్ నీళ్ల మీదికి తోసేశాను. పామూరు, కనిగిరి పక్క నడుము పట్టేస్తే మనకు తోచేది అదే గదా. ఎనిమిది నెలలు ఆయింట్‌మెంట్లు, సూదులు. సాయంత్రమైతే ఒళ్లు వెచ్చబడేది. మనిషిని చిక్కిపోయాను. వాక్యం చెప్పేటప్పుడు బల్ల పట్టుకుని నిలబడేవాణ్ణి. చివరికి ఒంగోలులో ఎమ్మారై తీయిస్తే రెండు పూసలు తినేసినట్టున్నాయి, మధ్యలో చీము. సూదితో ముక్క తీసి పరీక్ష చేస్తే టీబీ, అదీ మామూలు మందులకు లొంగే రకమే. ఊపిరితిత్తుల్లో లేదు గనుక ఎవరికీ అంటదన్నారు. అయినా కొన్నాళ్లు కొందరు నాకు చేయి ఇవ్వలేదు, పోనీండి.

మొదటి డాక్టరు గారు రాడ్లు, స్క్రూలు వేయాలన్నారు. రెండో ఆయన ఫిల్ము చూశాక నా కాళ్లు చూశారు. మడమల మీద నడిపించారు, మునివేళ్ల మీద నడిపించారు. పిన్నుతో గుచ్చి తెలుస్తోందా అన్నారు. మూత్రం ఆగుతోందా అని అడిగారు. “కాళ్లలో బలం ఉంది. పూసలు మరీ కూలిపోలేదు. మందులు మొదలుపెడదాం. కాలు బరువెక్కినా, తిమ్మిరెక్కినా తెల్లారేదాకా ఆగకుండా రండి” అన్నారు. ఆపరేషన్ చేసినా మందులు ఏడాదికి తక్కువ కాకుండా మింగాల్సిందేనని కూడా చెప్పారు. మనవాళ్లకు తెలియనిది అదే. కత్తి మందులకు బదులు కాదు.

మన పెద్దల కాలంలో టీబీ అంటే మదనపల్లె ఆరోగ్యవరం, నెలల తరబడి పడక. తర్వాత 1970లలో మద్రాసులో వెన్నుపూస టీబీ వాళ్లను కొందరికి ఆపరేషన్‌తో పాటు మందులు, కొందరికి మందులు మాత్రమే ఇచ్చి, నడుస్తూ తిరుగుతూ ఉండనిచ్చి పదేళ్లు గమనించారు. ఆ ఫలితాలు 1999లో అచ్చయ్యాయి. మందులతో ఉన్నవాళ్లు ఆపరేషన్ చేయించుకున్నవాళ్లకు ఏమీ తీసిపోలేదు. కానీ ఒకటి గమనించండి. కాళ్లు పడిపోయి నడవలేనివాళ్లను ఆ పరిశీలనలో చేర్చుకోలేదు. అంటే ఆ లెక్క నాలాంటివాడికి సరిపోతుంది, అందరికీ కాదు.

ఇక నేను ఒప్పుకోవలసింది ఉంది. సాక్ష్యం చెప్పిన ఆదివారం “ప్రభువు నన్ను కత్తి నుండి తప్పించాడు” అన్నాను. మీరు హల్లెలూయా అన్నారు. నిజానికి నాకు ఆపరేషన్ అంటే భయం. రెండో డాక్టరు మాట విని బయటికి వచ్చి మీ అమ్మగారి చేయి పట్టుకుని ఏడ్చాను. అది విశ్వాసం కాదు, భయం తీరడం. మూడో నెలలో నొప్పి తగ్గాక మాత్రలు మానేద్దామనుకున్న సంగతి కూడా దాచాను. ఆశా అమ్మాయి వచ్చి డబ్బాలో మాత్రలు లెక్కపెట్టబట్టి మానలేదు. ఆ మాట ఆ రోజు చెప్పివుంటే ఈ చెల్లెలి ఇంట్లో ఇంత తప్పుడు లెక్క వేసుకునేవారు కాదు.

శుక్రవారం వాళ్లింటికి వెళ్లాను. మంచం దిగి నాలుగడుగులు వేసింది. కాలి వేళ్లు నేలకు రాసుకుంటున్నాయి. చెప్పు ఊడినా తెలియడం లేదంది. మూత్రానికి పరుగెత్తాల్సి వస్తోందని నా భార్యతో చెప్పింది. నా కాళ్లూ ఆమె కాళ్లూ ఒకటి కావు. ఆమె వెన్నులో నరం నలుగుతోంది. దాని మీద ఒత్తిడి తీయాలన్న డాక్టరు మాట సరైనదే, ఆలస్యం చేస్తే పోయిన బలం తిరిగి రాకపోవచ్చు.

“మరి ప్రార్థనో?” అన్నాడు అతను. హిజ్కియాకు పదిహేనేళ్ల ఆయుష్షు ఇస్తానని దేవుడు చెప్పాక కూడా యెషయా అంజూరపు ముద్ద తెప్పించి పుండు మీద వేయించాడు గదా అన్నాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత లేచి ఫైలు వెతికి తెచ్చాడు.

ఈ రాత్రికే నెల్లూరు బయలుదేరుతున్నాం. కారు వెనక సీటులో ఆమె పడుకునేలా మెత్తలు సర్దారు. రక్తం అవసరం కావచ్చు, ఇవ్వగలిగిన తమ్ముళ్లు నాకు ఫోన్ చేయండి. పిల్లలిద్దరూ మా ఇంట్లో ఉంటారు, చిన్నవాడికి రాత్రి పాలు కావాలి.