ఉట్నూర్ నుంచి జన్నారం దాకా

ఉట్నూర్‌లో గోండు రాజుల నాటి కోట చూసుకుని బైకుల మీద జన్నారం బయల్దేరాం. పత్తి చేలు దాటాక రోడ్డుకు రెండు పక్కలా టేకు అడవి దగ్గరపడింది. ముందు బండి నడుపుతున్న ఉట్నూర్ మిత్రుడు అక్కడ ఆపి చెప్పాడు: "అన్నా, నన్ను దాటి పోకుర్రి. హారన్ కొట్టకుర్రి. పశువులు అడ్డమొస్తే బండి ఆపుర్రి, నడుమల కెల్లి దూరకుర్రి."

గుర్రపుస్వారీ నేర్చుకునేటప్పుడు ఇలాంటి మాటలే విన్నాను. గుర్రాల మీద సాగే వేటలోనూ ఇలాంటి కట్టుబాట్లే. 19వ శతాబ్దంలో ఆంగ్లేయ సైనికాధికారులు ఊటీ పచ్చికబయళ్లలో జాగిలాలను వదిలి, గుర్రాల మీద నక్కల వెంటపడేవారు. అలాంటి వేటలో ఉరుకు కంటే కట్టుబాటుకే విలువ. రౌతుల గుంపును నడిపే ఫీల్డ్ మాస్టర్‌ను ఎవరూ దాటకూడదు. ముందు గుర్రానికి కనీసం ఒక గుర్రం నిడివి ఎడం ఉండాలి. తన్నే గుర్రం తోకకు ఎర్ర రిబ్బను కడతారు. అది కనిపిస్తే వెనకవాళ్లు మరింత దూరం జరగాలి. జాగిలాలు పక్కనుంచి పోతుంటే వెనక కాళ్లు తగలకుండా గుర్రం తల వాటివైపు తిప్పి నిలబెట్టాలి. తీసిన గేటు మళ్లీ మూయాలి. విత్తిన చేనైతే గట్టు వెంటే పోవాలి. తోటి రౌతు పడితే ఆగి సాయపడాలి.

ఇంగ్లండ్, వేల్స్‌లలో కుక్కలతో గుంటనక్కలను వేటాడటాన్ని 2004 చట్టం నిషేధించింది. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటకు అడ్డుకట్ట వేసింది. వేట పోయినా ఆ మర్యాద మాత్రం మనకు కావాలి.

ఒక మలుపులో ఆవుల మంద ఎదురైంది, వెంట కాపరి కుక్కలు. మిత్రుడు చెయ్యెత్తగానే బళ్లన్నీ ఓరకు ఆగాయి. కుక్కలు మొరుగుతూ చక్రాల దాకా వచ్చాయి. ఎవరూ కాలు విసరలేదు, బండి దూకించలేదు. పరుగెత్తేదాన్ని తరమడం కుక్క స్వభావం. కాపరి అదిలించగానే వెనక్కి మళ్లాయి. మంద పూర్తిగా దాటాకే కదిలాం.

మేం దాటుతున్న ఈ కవ్వాల్ అడవి 1965లో అభయారణ్యమైంది, 2012లో పులుల సంరక్షణ కేంద్రమైంది. చిరుతలు, ఎలుగులు, అడవిదున్నలు, దుప్పులు తిరిగే ఈ అడవిలో గుంపుగా వేటాడే రేచుకుక్కలూ ఉన్నాయి. మన హారన్ వాటి వేటను చెడగొడుతుంది. ఊరకుక్కల నుంచి సోకే డిస్టెంపర్, రేబిస్ వాటి ప్రాణాలే తీస్తాయి. అందుకే విహారానికి వచ్చేవారు పెంపుడు కుక్కను తేకూడదు. మృగం కనిపిస్తే బండి దిగకూడదు, తిండి విసరకూడదు. ఒక దుప్పి రోడ్డు దాటిందని వెంటనే ముందుకు పోకూడదు. దాని వెనకే మరికొన్ని రావచ్చు.

ఈ అడవి మృగాలది మాత్రమే కాదు. 1940లో జోడేఘాట్‌లో గోండు వీరుడు కొమురం భీం నేలకొరిగింది ఇక్కడివారి నీటి కోసం, అడవి కోసం, భూమి కోసం. గోండు, కొలాం గూడేల చేలలోకి బైకు దూర్చి ఫొటోలు దిగడమంటే వారి కష్టాన్ని తొక్కడమే. మనుషుల ఫొటో తీయాలన్నా ముందు అడగాలి.

స్వారీ నేర్పేవారు పరుగు కంటే ముందు ఆపడం నేర్పిస్తారు. గుర్రమైనా, బైకైనా, సఫారీ జీపైనా అడవిలో అడుగుపెట్టడానికి అదే అర్హత. ఈ దారిన వెళ్లేవారు హెల్మెట్ పట్టీ బిగించుకోండి, వెలుగుండగానే బయల్దేరండి. దారి తెలిసిన స్థానికుణ్ణి ముందు నడవనివ్వండి. ఆయన చెయ్యెత్తితే కారణం అడక్కుండా ఆగండి.