గిలాస కడిగే చెయ్యి

బీరు గ్లాసు ఎలా కడగాలన్నది మనం రాసుకోవలసిన విషయమా అని ఒకరిద్దరు మిత్రులు నవ్వారు. తాగుడు వల్ల ఇన్ని ఇళ్లు కూలిపోతుంటే తాగేవాళ్ల గ్లాసులో నురుగు నిలిస్తే మనకేం, నిలవకపోతే మనకేం అన్నారు. నిజమే. కానీ ఆ నురుగు నిలవడానికీ విరిగిపోవడానికీ మధ్య ఒక ఆడమనిషి చెయ్యి ఉందని తెలిశాక నాకు ఊరుకోబుద్ధి కాలేదు. తాగుడు గురించి మనం చాలా రాశాం. ఆ గ్లాసులు తోమే చేతుల గురించి రాసింది తక్కువ.

మా అమ్మమ్మగారి ఊరు చేవెళ్లకి దగ్గర. మెహదీపట్నం నుంచి మొయినాబాద్ మీదుగా బస్సులో పోతుంటే రోడ్డుకి రెండు పక్కలా ఊడల మర్రులు, వాటి వెనక టమాట తోటలు, పూల తోటలు, కూరగాయల మళ్లు కనిపించేవి. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చెరువుల్లోకి మురికి చేరకుండా కాపాడాలని 1996 మార్చి 8న ప్రభుత్వం 111 నంబరు జీవో ఇచ్చింది. 84 గ్రామాల్లో పెద్ద హోటళ్లూ కాలుష్య పరిశ్రమలూ కట్టకూడదంది. మొయినాబాద్ మండలం, చేవెళ్ల మండలంలో కొంత భాగం ఆ హద్దులోవే. అయినా ఆ తోటల స్థానంలో ప్రహరీలు లేచాయి. ప్రహరీల వెనక ఫామ్‌హౌసులు, రిసార్టులు, పెళ్లి మండపాలు వచ్చాయి. 2022 ఏప్రిల్‌లో ఆ ఆంక్షల్ని ఎత్తేస్తూ ఇంకో జీవో వచ్చింది. జీవోలు వచ్చినప్పుడూ పోయినప్పుడూ భూమి ధర గురించి అందరూ మాట్లాడారు. ఆ భూమిలో కలుపు తీసి, టమాటలు తెంపి బతికిన ఆడవాళ్లు ఆ తర్వాత ఏ పనికి పోయారన్నది మాత్రం మాటల్లోకి రాలేదు.

మా వదినె అట్లా పోయిన వాళ్లలో ఒకామె. వరసకి వదినె గానీ నాకంటే నాలుగేళ్లే పెద్ద. వాళ్ల ఎకరంన్నర అన్న సంతకంతో అమ్ముడుపోయింది. ఆమె పొద్దంతా పని చేసిన భూమే అయినా పట్టా పుస్తకంలో ఆమె పేరు లేదు కనక అమ్మేటప్పుడు ఆమెను అడిగే అవసరం ఎవరికీ కలగలేదు. వచ్చిన డబ్బు కొంత అప్పులకి పోయింది, కొంత అన్న తాగుడుకి పోయింది. ఇప్పుడు వదినె ఒక రిసార్టు వంటింటి వెనక గిన్నెలు తోముతుంది. శని, ఆదివారాలు, పెళ్లిళ్లప్పుడు రాత్రి ఒంటిగంట దాకా. కాగితాల్లో ఆమె ఉద్యోగం పేరు హెల్పర్. ఎవరికి హెల్పరో రాసి ఉండదు.

ఒకసారి అక్కడ పెద్ద గొడవయింది. ఏదో కంపెనీ వాళ్ల విందు. బీరు పోస్తుంటే నురుగు లేవడం, అంతలోనే చప్పగా పడిపోవడం. అతిథులు సరుకు పాతదన్నారు. మేనేజరు సీసాలు మార్పించాడు, తర్వాత ఫ్రిజ్‌ని అనుమానించాడు. వదినె చేతులు తుడుచుకుని వచ్చి చెప్పిందట: "సార్, బీరుది ఏం తప్పు లేదు. బిర్యానీ పళ్లాలు తోమిన పీచుతోనే గిలాసలు తోమమన్నరు గదా. జిడ్డు తాకిన గిలాసల నుర్గు నిలువదు." తొట్టిలో నీళ్లు మార్పించి, కొత్త పీచు తీసుకుని ఆమె విడిగా కడిగి ఇచ్చిన గ్లాసుల్లో నురుగు రెండు వేళ్ల మందం నిలిచింది. మర్నాటి నుంచి గ్లాసులకి వేరే తొట్టి, వేరే పీచు ఏర్పాటు చేశారు. మెచ్చుకోలు బార్ చూసే కుర్రాడికి దక్కింది. వదినెకి గ్లాసులన్నీ కడిగే బాధ్యత దక్కింది.

ఆమె చెప్పినదాంట్లో ఎంత శాస్త్రం ఉందో నేను తర్వాత చదివి తెలుసుకున్నాను. బీరులో కరిగి ఉన్న కార్బన్ డయాక్సైడ్ బుడగలై పైకి వస్తుంది. సోడాలోనూ అదే వాయువు, అయినా సోడా నురుగు క్షణంలో పోతుంది. బీరులో బార్లీ గింజ నుంచి వచ్చిన ప్రొటీన్లు, హాప్స్ అనే పువ్వుల చేదు పదార్థాలు కలిసి ప్రతి బుడగ చుట్టూ సన్నటి పొర అల్లుతాయి. ఆ పొర వల్లే నురుగు నిలుస్తుంది. గ్లాసుకి రవ్వంత నూనె అంటి ఉంటే అది ఆ పొరలో చొరబడి ప్రొటీన్లని పక్కకి నెడుతుంది, బుడగ పగులుతుంది. సరిగ్గా కడుక్కుపోని సబ్బు కూడా అదే పని చేస్తుంది. పాలు తాగిన గ్లాసు, వేపుడు తిన్న చెయ్యి, పెదాలకి పూసుకున్న లిప్‌స్టిక్ అన్నీ నురుగుకి శత్రువులే.

అందుకని వదినె పద్ధతి ఇది. గ్లాసుల తొట్టిలో పళ్లాలు పడనివ్వదు. సబ్బు తక్కువ వేస్తుంది, నీళ్లు ఎక్కువ పోస్తుంది. బోరు నీళ్లకి తెల్లమరక పడితే నిమ్మచెక్కతో రుద్దుతుంది. గుడ్డతో తుడవదు, ఎందుకంటే గుడ్డలో నూలు పోగులూ ఉంటాయి, జిడ్డూ ఉంటుంది. తీగల జాలీ మీద బోర్లించి గాలికి ఆరబెడుతుంది. ఒకదాంట్లో ఒకటి దూర్చి పెట్టనివ్వదు. పోసే ముందు మళ్లీ ఒక్కసారి చన్నీళ్లతో తొలుస్తుంది. శుభ్రమైన గ్లాసులో నీళ్లు ముంచి వంపితే లోపలి గోడ మీద ఒకే పలచటి తెరలా జారిపోతాయి. జిడ్డుంటే అక్కడక్కడ చుక్కలు కట్టి ఆగుతాయి. బీరు పోశాక గోడకి బుడగలు అతుక్కుని కనబడితే అక్కడ మురికి ఉన్నట్టే. శుభ్రమైన గ్లాసైతే గుక్క గుక్కకీ నురుగు ఒక వలయంలా లోపల అంటుకుని మిగులుతుంది. కడగడానికి వెనక్కి వచ్చిన గ్లాసు మీద ఆ గుర్తులు చూసి తన పని ఎట్లా ఉందో ఆమె తెలుసుకుంటుంది.

కొన్నాళ్లకి ఒక ట్రైనరు వచ్చి సిబ్బందికి పాఠం చెప్పాడట. తడి గ్లాసు లోపల ఉప్పు చల్లాలి, అంతటా సమంగా అంటుకుంటే శుభ్రం, అంటుకోని చోట జిడ్డు ఉన్నట్టు అని చూపించాడు. వదినెని ఆ పాఠానికి పిలవలేదు. పాఠంలో వాడిన గ్లాసులు కడగడానికి మాత్రం పిలిచారు.

ఇది ఆమెకి ఎక్కడ అబ్బిందని నేను అడిగాను. ఆమె నన్ను వింతగా చూసింది. "పాలగిన్నె ఏడ తోముతవె నువ్వు? కూర గిన్నెలల్ల ఏసి తోముతవా?" నిజమే, మన ఇళ్లలో ఎవరూ చెప్పకుండానే నేర్చుకున్న వరస అది. ముందు పాలగిన్నె, ఆ తర్వాత టీ గ్లాసులు, చివరికి జిడ్డు బాణలి. బాణలికి బూడిద. బూడిదలోని క్షారం జిడ్డుని విరగ్గొడుతుంది, రాగి చెంబు చిలుముని చింతపండు పులుపు కరిగిస్తుంది. తరతరాలుగా ఆడవాళ్లు చేసిన ఈ రసాయనశాస్త్రానికి మనం పెట్టుకున్న పేరు 'అంట్లు తోమడం'.

ఇలాంటి అంట్ల దగ్గర నుంచే ఒక శాస్త్రం పుట్టిందంటే వదినె నమ్మలేదు. జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్ పట్నంలో ఆగ్నెస్ పొకెల్స్ అనే ఆవిడ ఉండేది. 1862లో పుట్టింది. అప్పట్లో అక్కడ ఆడపిల్లలకి విశ్వవిద్యాలయ ప్రవేశం లేదు. తమ్ముడు ఫిజిక్స్ చదవడానికి వెళితే ఆవిడ ఇంట్లో ఉండి జబ్బు మనుషులైన తల్లిదండ్రులకి సేవ చేస్తూ వంటిల్లు చూసుకుంది. గిన్నెలు కడిగే నీళ్ల మీద జిడ్డూ సబ్బూ ఎలా పరుచుకుంటాయో గమనించింది. రేకు తొట్టి ఒకటి తయారుచేసుకుని, నీటి తలతన్యత జిడ్డు వల్ల ఎంత తగ్గుతుందో కొలిచింది. 1891 జనవరిలో ఇంగ్లండులోని లార్డ్ రేలీకి ఉత్తరం రాసింది. ఆయన దాన్ని 'నేచర్' పత్రికకి పంపితే మార్చిలో అచ్చయింది. ఆ తొట్టి నమూనాని ముందుకు తీసుకువెళ్లిన లాంగ్‌మ్యూర్‌కి 1932లో నోబెల్ వచ్చింది. ఆవిడకి అదే ఏడాది, డెబ్భై ఏళ్ల వయసులో, తన ఊరి విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. ఉత్తరం రాయడానికి ఆవిడకి చదువొచ్చు. ఆ ఉత్తరాన్ని పక్కన పడెయ్యని మనిషి ఒకడు దొరికాడు. ఆ రెండూ లేని ఎంతమంది చూపు తొట్టి నీళ్లలోనే కలిసిపోయిందో లెక్క లేదు.

వదినె చేతుల గురించి చెప్పాలి. సబ్బు నీళ్లలో నాని నాని వేళ్ల సందులు ఒరిసిపోయాయి, అరచేతులు చీలాయి. కొబ్బరినూనె రాస్తే హాయిగా ఉంటుంది. అయితే పనికి వెళ్లే ముందు రాసుకోలేదు, ఆ నూనె గ్లాసుకి అంటితే నురుగు విరిగిపోతుంది. రాత్రి ఒంటిగంటకి ఇంటికి వచ్చాక రాసుకుంటుంది. రబ్బరు గ్లోవ్స్ ఇచ్చారు గానీ వాటితో తడి గ్లాసు జారుతుంది. జారి పగిలితే జీతంలో కోత. అందుకని వాటిని మేకుకి తగిలించి ఉంచింది. బల్ల మీద నురుగు నిండుగా నిలవాలంటే తొట్టి దగ్గర ఆ చేతులు ఎండి పగలాలి. ఆ నురుగుకి ఆమె కడుతున్న ధర ఇది. బిల్లులో ఎక్కడా కనబడదు.

ఇక్కడే మనకి ఇబ్బందిగా ఉండే ప్రశ్న ఉంది. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా మీద లేచారు. 1993లో సారా నిషేధం వచ్చింది, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో అది పోయింది. ఆ పోరాటం మన సొంతం. మరి మద్యం అమ్మే చోట ఆడవాళ్లు పనిచెయ్యడాన్ని ఏమనాలి? పంజాబ్ ఎక్సైజ్ చట్టంలో 1914 నుంచీ ఒక సెక్షన్ ఉండేది, మద్యం తాగే చోట ఆడవాళ్లని పనిలో పెట్టుకోకూడదని. ఢిల్లీ నుంచి వచ్చిన అనూజ్ గార్గ్ కేసులో 2007 డిసెంబరులో సుప్రీంకోర్టు అది రాజ్యాంగ విరుద్ధమంది. భద్రత పేరుతో ఆడవాళ్ల ఉపాధిని తీసెయ్యకూడదు, భద్రత కల్పించాలి అన్నది దాని సారాంశం. నాకు ఆ తీర్పు సబబే అనిపిస్తుంది. వదినె మొగుడి తాగుడుని తిట్టిపోస్తుంది, బెల్టు షాపు మూయించడానికి ఊళ్లో ఆడవాళ్లతో కలిసి పోయింది. మర్నాడు గ్లాసులు కడగడానికీ పోయింది. "రెండూ నా బతుకు కొరకే" అంటుంది. ఈ రెంటిలో ఏదో ఒకటి ఎంచుకొమ్మని ఆమెకి చెప్పే హక్కు, ఆమె భూమి అమ్ముడుపోయినప్పుడు మాట్లాడని మనకి ఉందా?

వదినె అడిగేవి పెద్ద కోరికలు కావు. చేతికి అతికే, జారని గ్లోవ్స్ కావాలి. పగిలిన గ్లాసుకి జీతం కోయకూడదు. రాత్రి పని ముగిశాక ఊరిదాకా బండి కావాలి. కాగితంలో హెల్పర్ అని కాకుండా చేస్తున్న పని పేరు రాయాలి, నైపుణ్యం ఉన్న పనికి ఇచ్చే కూలి ఇవ్వాలి. మొదటి రెంటికీ చూద్దామన్నారు. బండి శని, ఆదివారాలు వస్తోంది. కూలి సంగతి అడిగితే 'కడగడంలో నైపుణ్యమేముంది' అన్నారట.

వదినె కూతురు చేవెళ్లలో ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతోంది. మొన్న నేను పోయినప్పుడు ఫిజిక్స్ పుస్తకంలో తలతన్యత పాఠం గట్టిగా చదువుతోంది. సబ్బు నీళ్ల దగ్గరికి రాగానే వదినె ఆపమని, ఇంకోసారి చదివించుకుంది. అర్థం చెప్పించుకుంది. తర్వాత కొబ్బరినూనె సీసా మూత తీస్తూ, "ఇది నాకెరికే. గీ పుస్తకం మా మేనేజరుకు జూపియ్యాలె" అన్నది. పిల్ల ఆ పేజీ మడిచి పెట్టింది. జీతం మాట మళ్లీ అడగబోయే రోజున ఆ పుస్తకం కూడా పట్టుకుపోతారట.