కట్టంగూర్ మెట్ట నుంచి కృష్ణా రేవుకు

నల్లగొండ జిల్లాలో నార్కట్‌పల్లికీ నకిరేకల్‌కూ నడుమ, జాతీయ రహదారిపై ఉన్న మండల కేంద్రం కట్టంగూర్. హైదరాబాద్, విజయవాడల మధ్య తిరిగే బస్సులు, లారీలు రాత్రింబవళ్లు ఈ ఊరి మీదుగానే సాగిపోతుంటాయి. ఎర్రనేలలు, బత్తాయి తోటలు, వానకు నిండి ఎండకు ఇంకిపోయే చెరువులు ఈ మెట్ట ప్రాంతపు సహజ స్వరూపం. ఇక్కడి పిల్లవాడిని అడిగితే లారీ ఎన్ని టన్నులు మోస్తుందో చెప్పగలడు. పడవ ఎంత మోస్తుందో చెప్పవలసిన అవసరం అతనికి అంతగా రాదు. కాని సెలవులు రాగానే ఇక్కడి కుటుంబాలు తరచుగా బయలుదేరేది నీటి వైపే. నల్లగొండ, హాలియాల మీదుగా దక్షిణానికి సాగితే నాగార్జునసాగర్ చేరుతాము.

1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగిన ఈ ఆనకట్ట నుంచి 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు వదిలారు. జలాశయంలో మునిగిపోయిన ప్రాచీన విజయపురి లోయలో 1954 నుంచి 1960 వరకు తవ్వకాలు జరిపి, బయటపడిన కట్టడాలలో ముఖ్యమైనవాటిని నాగార్జునకొండపై తిరిగి నిర్మించారు. నేడు ఆ కొండ ఒక ద్వీపం. అక్కడికి లాంచీలోనే వెళ్లాలి. నీటి నడుమకు చేరి చుట్టూ చూసిన వారికి మానవుని అల్పత్వం, సృష్టికర్త మహత్తు ఒక్కసారిగా బోధపడతాయి. నీటిపై ఓడలు సాగడాన్ని దివ్య ఖుర్ఆన్ అనేకచోట్ల అల్లాహ్ సూచనలలో ఒకటిగా పేర్కొనడంలోని ఔచిత్యం అక్కడ మనసుకు తడుతుంది.

వంతెనలు లేని కాలంలో కృష్ణ ఒడ్డు ప్రజలు నదిని మరోవిధంగా దాటేవారు. పాలమూరు వైపు వెదురుతో అల్లిన గుండ్రటి పుట్టి మనుషులను, ధాన్యపు బస్తాలను, మేకలను దాటించేది. దిగువన మట్టపల్లి, ముక్త్యాల వంటి రేవులలో బల్లకట్టు ఉండేది. పడవలను జోడించి పైన బల్లలు పరచిన ఈ సాధనంపై బండ్లు, మోటారు వాహనాలు సైతం ఆవలి ఒడ్డుకు చేరేవి. ప్రపంచ సముద్రాలలో తిరిగే భారీ వాహన నౌకలకు మన బల్లకట్టు చిన్న చెల్లెలు వంటిది.

ఐర్లండ్‌లోని డబ్లిన్‌కూ బ్రిటన్‌లోని హోలీహెడ్‌కూ మధ్య 2001 నుంచి సేవలందించిన యులిసిస్ అనే నౌకను చూడండి. అది కార్లు మాత్రమే ఎక్కిస్తే 1,342 కార్లను, లారీలు మాత్రమే ఎక్కిస్తే సుమారు 240 లారీలను మోయగలదు. రెండింటినీ కలిపి మాత్రం కాదు. దీనిని బట్టి ఒక విషయం స్పష్టమవుతుంది. నౌక సామర్థ్యం ఒకే ఒక్క అంకె కాదు. ఎంత చోటు ఉన్నదన్నది ఒక లెక్క, ఎంత బరువు తట్టుకుంటుందన్నది మరొక లెక్క, ఎందరికి ప్రాణరక్షక సాధనాలు ఉన్నాయన్నది మూడవ లెక్క. ఈ మూడింటిలో ఏది తక్కువైతే అదే నిజమైన పరిమితి. బ్రిటన్‌లో శామ్యూల్ ప్లిమ్‌సోల్ పోరాట ఫలితంగా 1876లో వచ్చిన చట్టం ఓడ పక్కన బరువు గీత ఉండాలని విధించింది. ఆ గీత మునిగిందంటే బరువు మించినట్లే.

చిన్న లాంచీకి కూడా ఈ లెక్కే వర్తిస్తుంది. సగటున మనిషి బరువు 75 కిలోలనుకుంటే 40 మంది 3 టన్నులు అవుతారు. మరో 20 మందిని ఎక్కిస్తే ఒకటిన్నర టన్ను అదనం. ఆ అదనపు వారు పై అంతస్తుకు ఎక్కితే పడవ బరువు పైకి జరిగి, అది తూగే స్వభావం పెరుగుతుంది. దృశ్యం చూడాలని అందరూ ఒకే పక్కకు చేరితే ప్రమాదం మరింత దగ్గరవుతుంది.

ఈ లెక్క తప్పినప్పుడు జరిగేది మనకు తెలియనిది కాదు. 2007 జనవరిలో సింగోటం జాతరకు బయలుదేరిన వారి పడవ కృష్ణలో మునిగి 61 మంది మరణించారు. 2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నం వద్ద అదే నదిలో 20 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. 2019 సెప్టెంబరు 15న గోదావరిపై కచ్చులూరు వద్ద 77 మందితో వెళ్తున్న పడవ మునగగా, ప్రాణాలతో బయటపడినవారు 26 మందే.

పెద్ద నౌకలకు కూడా మినహాయింపు లేదు. 2006 ఫిబ్రవరిలో సౌదీలోని దుబా నుంచి ఈజిప్టులోని సఫాగాకు బయలుదేరిన అల్ సలాం బొక్కాచియో 98 నౌకలో సుమారు 1,400 మంది ఉన్నారు. వారిలో అధికులు సౌదీలో పనిచేసి ఇళ్లకు మరలుతున్న కార్మికులు, కొందరు హజ్ ముగించుకొని వస్తున్నవారు. వాహనాల అంతస్తులో మంటలు చెలరేగాయి. ఆర్పడానికి చల్లిన నీరు బయటికి పోక లోపలే నిలిచి, నౌక ఒరిగినకొద్దీ ఆ పక్కకే పారి దానిని బోల్తా కొట్టించింది. వెయ్యిమందికి పైగా మరణించారు. స్థిరంగా ఉన్న బరువు కంటే కదిలే బరువు ఎంత ప్రమాదకరమో ఈ దుర్ఘటన చాటింది. గల్ఫ్‌కు బిడ్డలను పంపిన మన తల్లిదండ్రులకు ఆ ఇళ్ల వేదన వేరుగా వివరించనక్కరలేదు. మన పెద్దలు కూడా ఒకప్పుడు ముంబై నుంచి జిద్దాకు ఓడలోనే హజ్‌కు వెళ్లేవారు. ఆ ఓడ ప్రయాణాలు 1995లో ముగిశాయి.

దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) సమాజాన్ని ఒక ఓడతో పోల్చిన హదీసు బుఖారీలో ఉంది. కింది అంతస్తువారు నీటి కోసం పైవారిని ఇబ్బంది పెట్టరాదని తలచి తమ భాగంలో రంధ్రం చేయబోతారు. పైవారు వారిని ఆపితే అందరూ బతుకుతారు, వదిలేస్తే అందరూ మునుగుతారు. ఆ రంధ్రం చేయబోయినవారి ఉద్దేశం చెడ్డది కాదన్నది గమనించదగిన సంగతి. "ఇంకొక్కరే కదా, సర్దుకోండి" అనే మన మాట కూడా మంచి మనసుతో అన్నదే. అయినా పడవకు ఉద్దేశాలతో పని లేదు, బరువుతోనే పని.

టికెట్టు అమ్మేవానికి ప్రయాణికుల ప్రాణం అమానతు. ఆ అమానతును గుర్తుచేయడం ప్రయాణికుని ధర్మం. రేవులో దిగగానే అనుమతించిన సంఖ్య ఎక్కడ రాసి ఉన్నదో చూడాలి. పిల్లల కొలతకు సరిపోయే లైఫ్ జాకెట్లు అడిగి, తొడిగించి, ముడి బిగించిన తరువాతే ఎక్కాలి. జనం మించితే దిగిపోయి తరువాతి లాంచీ కోసం వేచి ఉండాలి. కట్టంగూర్ నుంచి అంత దూరం వచ్చి వెనుదిరగవలసి వచ్చినా చిన్నబోనక్కరలేదు. ప్రయాణపు దుఆ పలికే నోరే "ఇక చాలు, మరెవరినీ ఎక్కించకండి" అని మర్యాదగా, గట్టిగా చెప్పాలి. ఆ ఒక్క మాట మన పిల్లలతోపాటు మనకు పరిచయం లేని ఎందరి పిల్లలనో ఒడ్డుకు చేర్చవచ్చు.