చింతగింజల లెక్క

మాచవరంలో అరుగు మీద వామనగుంటలాడే అవ్వను లెక్కలొచ్చా అంటే నవ్వేస్తుంది. కానీ గుప్పిట్లో గింజలు ఎక్కడ అయిపోతాయో ముందే చూసి తీస్తుంది. 14 గుంటల పీటపై ఒక గుంటలోని 14 గింజలు తీసి పక్క గుంట నుంచి ఒక్కొక్కటిగా పంచితే చివరిది తీసిన గుంటలోనే పడుతుంది. 17 అయితే మూడు గుంటల అవతల. భాగహారంలో శేషమంటే ఇదే కదా!

అష్టాచమ్మా ఇంకా రుచి. నాలుగు నాణేలు ఎగరేస్తే అన్నీ ఒకేలా పడే అవకాశం 16లో 2. కానీ ఆటలో వేసే గవ్వకు వీపూ నోరూ సమానం కావు, ఆ లెక్క కుదరదు. ఎంత తేడానో పిల్లలే వేసి రాసుకోవాలి. పదో తరగతి సంభావ్యతకు ఇంతకన్నా పరికరమేం కావాలి? లెక్కను రుచిగా చెప్పడం మనకు కొత్తా? కవి పావులూరి మల్లన వందల ఏళ్ల కిందటే గణితాన్ని తెలుగు పద్యాల్లో చెప్పాడు.

అయితే ఆటకు పీరియడ్ ఏదీ? ఉన్న ఆటల పీరియడ్‌నూ పరీక్షల ముందు లెక్కల మాస్టారే లాగేసుకుంటారు.